చమ్కీలు కుట్టే గురువారం

నాన్న కుడిచేతిలో రెండు వేళ్లకి స్పర్శ లేదు.
కెటిల్ అంటుకుని కమిలినా అవి చెప్పవు,
వాసన వచ్చాక మేమే చెప్తాం.
ఎనభై రెండులో, ఆ దీవుల మీద,
నీళ్లూరే గుంతలో రెండు నెలలు కూర్చుని
అక్కడే వదిలేసి వచ్చాడట.
అట అన్నది అమ్మ.
నాన్న ఎప్పుడూ ఏమీ అనలేదు.

అప్పటికి పద్దెనిమిదేళ్లు.
కొర్రియెంతెస్ ఎండల్లో చెమటలు కక్కుతూ పెరిగిన పిల్లాడు.
మంచుగడ్డంటే, చేపల బండివాడు
రంపప్పొట్టులో కప్పి తెచ్చేదే తెలుసు.

మా ఇంట్లో తలుపు రెక్కలకి పాతగుడ్డలు చుట్టి ఉండేవి.
ఏ నేలచెక్క కిర్రుమంటుందో
అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను.
నవ్వొచ్చినా, అన్నయ్యా నేనూ
ముందు ఆయన మొహం చూసేవాళ్లం,
రోడ్డు దాటేవాళ్లు రెండు పక్కలా చూసినట్టు.

మాత్రల చీటీ వెనక డాక్టరమ్మ ఒక అడ్రసు రాసింది.
జునిల్దా షెడ్డు. గురువారం, నాలుగింటికి.
కార్నివాల్ బట్టలకి చమ్కీలు కుట్టాలి,
యుద్ధం నుంచి వచ్చినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ.
"చమ్కీలా?" అన్నాడు నాన్న,
ఎవరో తిట్టినట్టు.
మూడు గురువారాలు వ్యాన్‌లోంచి దిగలేదు.
నాలుగోసారి వాన.
మా వ్యాన్ అద్దం పైకి లేవదు.
మనిషి లోపలికొచ్చింది అందుకే,
కళ మీద ప్రేమతో కాదు.

లోపల ఎనిమిదిమంది ముసలాళ్లు,
ముక్కు చివర కళ్లద్దాలు,
ఒళ్లో ఎవరి ఆడపిల్లలవో నాట్యం రవికెలు.
యుద్ధం మాట ఎవరూ ఎత్తలేదు.
"ఆ నీలం డబ్బా ఇటు తొయ్యి."
"ఇది నీలమా? పచ్చ."
"కళ్లజోడు తుడుచుకో, సార్జంటూ."

నాన్న దారం ఎంగిలి చేశాడు, మెలిపెట్టాడు,
సూది బెజ్జం దొరకలేదు.
అమ్మ తలెత్తకుండానే చెయ్యి చాపి
సూది తీసుకుని, ఎక్కించి, ఇచ్చేసింది.
అంతే.
రెండేళ్లుగా ఆయన సూదులన్నీ ఆవిడే ఎక్కిస్తోంది.

అమ్మ ఏం కుడుతోందో మాత్రం ఎవరూ అడగలేదు.
నల్ల గుడ్డ మీద నల్ల చమ్కీలు,
దీపం కింద కదిలిస్తేనే కనిపించేది.
చలికాలంలో ఒకరోజు నాన్న అడిగాడు, ఏమిటది అని.
"మన పడగ్గది తలుపు," అంది. "బయటి నుంచి."
ఆయన దాన్ని వంచి వంచి చూశాడు.
కింద మూల, మనిషి కూర్చునేంత మేర
చమ్కీలు లేవు.
"అక్కడ కూర్చునేదానివా?"
"ఊఁ."
"ఎంతసేపు?"
"నీ ఊపిరి సర్దుకునేదాకా."

జునిల్దా లేచి వెళ్లి రేడియో గొంతు తగ్గించింది.

ఆ రాత్రి కూడా అరిచాడు నాన్న.
ఏదో మారిపోయిందని నేను రాయను.
గడియ మాత్రం వెయ్యలేదు, లోపలి నుంచి.

ఫిబ్రవరిలో కార్నివాల్.
డప్పుల మోతకి నాన్న రాడు,
చెవుల్లో దూది కుక్కుకుని ఇంట్లోనే.
అమ్మా నేనూ ఇనపమెట్ల మీద నిలబడి చూశాం.
మూడో దళంలో ఒక పొడుగుపిల్ల,
భుజాల మీద నాన్న కుట్టిన కేప్,
గిర్రున తిరిగింది.
జనానికి కనిపించింది పసుపూ నీలం మంట.
అస్తరు లోపల, మెడ కింద, ఒక పేరుంది,
ఇస్త్రీ చేస్తూ నేను చూశాను.
అనస్తాసియో.
గుంతలో నాన్న పక్కన కూర్చున్నవాడు.
పంతొమ్మిదో ఏడు చూడనివాడు.
ఆ పిల్లకి తెలియదు.
వాణ్ణి వీపున వేసుకుని
వీధి పొడవునా గంతులేసింది.

ఇంటికొచ్చేసరికి రాత్రి రెండు దాటింది.
నాన్న వంటింట్లో లైటు వేసుకుని కూర్చున్నాడు.
అమ్మ వెళ్లి ఒక చెవిలో దూది లాగింది.
"కుట్టు ఊడలేదుగా?"
"ఊడలేదు."
కాసేపు ఊరుకుని,
ఎడమచేత్తో కెటిల్ తాకి చూశాడు.
"వేడిగానే ఉంది," అన్నాడు.
"తాగుతారా?"