ఎడమ బ్రేకు

ఏడునూర్ల యాభై అన్నడు పాతసామాన్ల శౌరయ్య.
ఆరునూర్లు చేతిల వెట్టి
ఇంకో మాట మాట్లాడకుంట హ్యాండిలు వట్టుకున్న.
అది వంకరగ తిరిగి
నా దిక్కు జూడనే లేదు.

పోను ఇరవై, రాను ఇరవై.
ఏనుమాముల మార్కెట్ల మిర్చి ఏరి
తొడిమెలు దుంచి
దగ్గి దగ్గి తెచ్చిన కూలిల
నలభై రూపాలు ఆటో మింగుతది.
పదిహేను దినాలు ఎక్కకుంటే
సైకిలు పైసలు ఎల్లినట్టే.
ఈ లెక్క ఎవ్వలకు చెప్పలే.
మా ఆడిబిడ్డ ఒక్కతే అడిగింది:
"మొగోళ్ల సైకిలు గదనే వదినె,
చీర కట్టుకొని డండ మీదికెల్లి కాలెట్లేస్తవ్?"
ఎయ్య. కైంచీ తొక్కుత.
పదేండ్లప్పుడు తొక్కిన,
కాళ్లు మర్సిపోతయా?

యాకూబ్ పాషా దుకాణమంటే
ఒక గాలిపంపు, ఒక నీళ్ల తొట్టి, చిరిగిన గొడుగు.
సైకిలును తలకిందులు వెట్టి
ఎనుక చక్రం గిర్రున తిప్పి
చెవి వెట్టి ఇన్నడు,
కాన్పు జూసే మంత్రసాని లెక్క.
"ఛర్రలు గుల్లయినయి. ఫ్రీవీలు అరిగింది.
ఫ్రేము మాత్రం...
ఇసొంటి ఇనుము ఇప్పుడు రాదమ్మా."
సామాన్ల పైసలియ్యి, పని నువ్వే చేసుకో,
మజూరీ మిగుల్తది అన్నడు.

ఐతారం పొద్దుగాల
గాసునూనెల చైను నానేసిన.
చీర పేలిక తోటి ఒక్కొక్క లింకు తుడిసిన.
మిర్చి కారం గోర్ల సందుల్లకెల్లి ఎన్నడూ పోదు,
గ్రీజు దాని మీదికెక్కి కూసున్నది.
ఆనాడు బువ్వ చెంచతోని తిన్న.
చక్రంల ఏడు పుల్లలు లేవు,
నాలుగే దొరికినయి.
మూడు సందులు అట్లనే ఉన్నయి ఇప్పటికీ.

గరుకు కాయితం వట్టి డండ గీకిన.
పైన ఆకుపచ్చ.
దాని కింద నీలం.
ఇంకా గీకితే నలుపు,
నలుపు మీద పసుపుపచ్చ రాత.
నాకు అచ్చరాలు నిమ్మలంగ వస్తయి,
బస్తాల మీది పేర్లు జూసి నేర్సుకున్నయి.
ఎ... లి... గే... టి
సా... రం... గం.
స్పిన్నింగు.
ఎనుక ఒక నంబరు, సగం తుప్పు తిన్నది.

ఆజంజాహి మిల్లు మనిషి.
నా పెండ్లప్పటికే సైరను బందైంది.
ఏ షిఫ్టుకు ఉరికిండో ఈ పైడిల్లు తొక్కుకుంట,
టిఫిను డబ్బ ఏడ తగిలిచ్చిండో.
హ్యాండిలుకు కుడి దిక్కు ఒరుసుకపోయిన గీత ఉన్నది,
గదే కావొచ్చు.

"గీకెయ్యి, లప్పం వెట్టి రంగేద్దం" అన్నడు యాకూబ్.
కాయితం చేతిల వట్టుకొని శానసేపు కూసున్న.
ఎర్రరంగు అంతట ఏసి
జానెడంత ఇడిసిపెట్టిన.
బస్తా మీది పేరు చెరిపితే
సరుకు ఎవ్వలదో తెల్వదు గద,
గంతే.

కాళ్లు మర్సిపోయినయి.
రెండు మోకాళ్లు, ఒక మోచెయ్యి,
పక్కింటోళ్ల నీళ్ల డ్రమ్ము.
నాలుగో దినం కరీమాబాద్ గల్లీ దాటిన.
పోరగాండ్లు కూతవెట్టిండ్రు,
బెల్లు కొట్టిన.

మొన్న రైలుగేటు కింద
ఒక ముసలాయన అడ్డం నిలవడ్డడు.
చేతిల పాలపాకిటు, నోట్లె ఆరిన బీడి.
కాలు కింద వెట్టిన, అంటే వడ్డంత పనైంది.
ఆయన నన్ను జూడలే. డండను జూసిండు.
ఒక్క ఏలు తోటి ఆ రాత మీద రుద్దిండు.
నా గుండె దడదడ.
అడుగుతడు, ఇగ సైకిలు అడుగుతడు,
శౌరయ్య చీటి రాసియ్యలే, సాక్షి లేడు,
గోర్ల గ్రీజు తప్ప
నాదని చెప్పెటందుకు ఏం లేదు.

"ఎడమ బ్రేకు నమ్మకు బిడ్డా" అన్నడు.
"వాడు ఎన్నిసార్లు మార్పిచ్చినా పట్టకపోయేది.
గీ ఉతార్లనే, గోడకు కొట్టుకున్నం ఒకపారి.
వాడు తొక్కుడు, నేను డండ మీద."
పాలపాకిటు ఈ చేతికెల్లి ఆ చేతికి మార్సుకొని
ఎల్లిపోయిండు.
సారంగం ఉన్నడా లేడా
అడగనే లేదు నేను.

బ్రేకు కట్టలు కొత్తయి.
తీగ యాకూబే గుంజి కట్టిండు.
అయినా
తెల్లారి ఆ ఉతార్ల
ఎడమ చెయ్యి ఊకెనే ఉంచి
కుడిది వట్టిన.