మలుపు దాకా

ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు
తాళ్లు తెగి నాపబండలు జారి పడ్డాయి,
ఇరవయ్యో ముప్పయ్యో, ఒకదాని మీద ఒకటి,
యర్రగుంట్ల అంతా ఒక్కసారి పళ్లు కొరికినట్టు.

జొన్నకు దెబ్బ తగల్లేదు.
వెంట్రుక కూడా రాలలేదు.
నా అరచేతిని కోసుకుంటూ తాడు పోయింది,
తాడు వెంట కుక్క.

రెండు రోజులకు దొరికింది,
పాలిష్ ఫ్యాక్టరీ వెనకాల, తెల్లటి రాతిబురదలో.
జొన్నరొట్టె రంగని ఆ పేరు పెట్టుకుంటే
సున్నం కొట్టిన బొమ్మలా కూచోనుంది.
కడిగితే రంగు వచ్చింది.
కుక్క రాలేదు.

ఆ తర్వాత గడపే దానికి పొలిమేర.
తాడు చూస్తే మంచం కిందికి.
పక్కింట్లో తపేలా మూత జారితే
మంచం కూడా వణికేది.

పశువుల ఆస్పత్రి కాంపౌండర్ ఓబులేసు
కళ్లు చూశాడు, చెవులు చూశాడు, కాళ్లు ఒత్తి చూశాడు.
"భయానికి సూది లేదు తల్లీ.
లాగొద్దు. ఎత్తుకోనూ వద్దు.
అది ఎంత దూరమంటే అంత దూరం."
చీటీ మీద ఏమీ రాయలేదు.

మొదటి వారం గడప.
నేను అవతల కూచుని ఎర్రగడ్డలు తరిగేదాన్ని,
అది ఇవతల కూచుని నన్ను చూసేది.
మధ్యలో ఉడకేసిన బోటీ ముక్కలు.
చీమలు తిన్నవే ఎక్కువ.

రెండో వారం కరెంటు స్తంభం.
అక్కడికి ఖాసింబీ కుట్టుమిషను చప్పుడు వినపడుతుంది.
కాలు ఆపి అడిగేది:
"ఏందక్కా, నువ్వు కుక్కను తిప్పుతాండావా,
కుక్క నిన్ను తిప్పుతాండాదా?"
నవ్వేసేదాన్ని. జవాబు నాకూ తెలియదు.

ఒక మంగళవారం లాగాను.
వీధి చివర గ్యాస్ బండి హారన్ కొడుతోంది,
అందకపోతే మళ్లీ వారం.
నాలుగు కాళ్లకూ మేకులు కొట్టినట్టు నిలబడింది,
మెడపట్టీ చెవుల దాకా జారింది.
అరవలేదు. కరవలేదు.
తాడు పట్టుకున్న చేతిని ఒకసారి చూసింది, అంతే.
ఆ చూపుతో పదిహేను రోజులు వెనక్కి.
మళ్లీ గడప. మళ్లీ ఎర్రగడ్డలు. మళ్లీ చీమలు.

ఇంగ లెక్కపెట్టడం మానేశాను.
అది ఆగితే ఆగాను.
పదేండ్లుగా నడిచిన వీధిలో
ఇన్ని ఆగే చోట్లున్నాయని తెలియదు:
మోరీ పక్కన దానంతటదే మొలిచిన గోంగూర,
ఎవరో గోడకు ఆనించి మరిచిపోయిన సైకిలు చక్రం,
సిమెంటు దుమ్ము పట్టిన వేపాకు,
వాన పడితేనే కనపడే దాని అసలు పచ్చ.
జొన్న అన్నీ ముక్కుతో చదువుతుంది.
చదివిందే మళ్లీ చదువుతుంది,
పరీక్ష తప్పిన పిల్లోడి మాదిరి.

ఒక పొద్దున ఖాసింబీ కొడుకు రసూలు
వాళ్ల మేకను తోలుకుని మా ముందు నడిచాడు.
ఆ మేకకు లోకంలో ఏ చప్పుడూ లెక్కలేదు,
ట్రాక్టరు హారన్ కొడితే
ట్రాక్టరునే నమలొచ్చా అని చూస్తుంది.
జొన్న దాని వెనక, దాని నీడలో,
స్తంభం దాటింది.
మిల్లు గోడ దాటింది.

మలుపులో నాపబండ ముక్కలు ఇంకా అట్నే ఉన్నాయి,
ఎవరూ తీయలేదు.
మేక తొక్కుకుంటూ పోయింది. రసూలు పోయాడు.
జొన్న ఆగింది. తోక కడుపు కిందికి దూరింది.
నేను తాడు వదులు చేసి
బస్సు కోసమన్నట్టు ఎటో చూస్తూ నిలబడ్డాను.

ఎంతసేపో.
రాయి మీద ముక్కు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.
తర్వాత, తొందరేం లేకుండా,
వెనక కాలు ఎత్తి
ఆ నాపరాయి మీద ఉచ్చ పోసింది.

రసూలు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.
ఆస్పత్రికి పోయి ఓబులేసుకు చెప్పాలనుకున్నాను,
ఏమని చెప్పాలో తోచక ఊరుకున్నాను.

రేపు వస్తుందో రాదో.
ఈ సాయంత్రం పక్కింట్లో మూత పడితే
జొన్న మంచం కిందికే పోయింది,
తల మాత్రం బయట పెట్టి,
గోడ మేకుకు తగిలించిన తాడు వైపు చూస్తూ.