అరచెయ్యి

పొద్దెక్కినంక బండి సూడవోకు అన్నడు
ఉట్నూర్ క్రాస్‌రోడ్డు మెకానిక్ తొడసం సోనేరావు.
సలికాలంల కొనాలె. తెల్లారకముందే పోవాలె.
చెప్పకుండ పోవాలె.

తాళం అడిగేకంటె ముందు
బానెట్ మీద అరచెయ్యి పెట్టు.
సల్లగుంటే బేరం షురువు జెయ్యి.
ఎచ్చగుంటే, అమ్మెటోడు నీకన్న ముందే లేసి
దాని దగ్గంత దగ్గిపిచ్చిండన్నట్టు.
ఛాయ్ తాగి వాపస్ రా.

ఇచ్చోడల ఒకటి ఎచ్చగుండె.
గుడిహత్నూర్‌ల ఇంకోటి. ఛాయ్ మాత్రం మంచిగుండె.
జైనూర్‌ల మూడోది, మంచు పట్టి,
బాయిల రాయి లెక్క సల్లగ.
నాలుగో సెల్ఫుకు లేసింది, నల్లపొగ కక్కుకుంట.
"హీటర్ ప్లగ్గులు పోయినయ్, గంతే" నవ్విండు సోనేరావు,
"గుండె మంచిదే. పదివేలు తగ్గియ్యమను."

గిప్పుడు దానికి నేనే నౌకర్ని.
బ్యాటరీ మూతికి తెల్లగ పూస్తే వేడినీళ్లు, ఎనుక గ్రీజు.
ముందటద్దానికి మాత్రం వేడినీళ్లు పొయ్య.
ఒక్కపారి పోసిన. ఆ పగులు ఇంకా ఉంది,
పెన్‌గంగ లెక్క వంకరలు తిరిగి.
లేవంగనే రేసియ్య. రెండు నిమిషాలు ఆగుత,
చేతులు చంకల వెట్టుకోని.

సోనేరావు చెప్పనిది ఒకటుంది.
రాత్రి కెరమెరి ఘాటెక్కి వచ్చిన ఇంజన్
తెల్లారేదాంక ఎవలికో పొయ్యి.
మొన్న తాళం తిప్పబోతే
లోపట్నుంచి సన్నగ, పిల్లికూన.

అప్పట్నుంచి
కొన్ననాడు పెట్టిన అరచెయ్యితోనే
బానెట్ మీద మూడుసార్లు కొడుత.
ఎవలన్న పన్నరా?
జవాబు రాకుంటెనే తాళం.