మూలన పసుపు ముక్కోణం

ఇంటర్నెట్ లేదంది కంప్యూటర్.
అంటూ ఉండగానే, అదే పెట్టెలోంచి
కాస్ట్రో చేపల బజారు ధరలు చదువుతున్న రేడియో మనిషి
దగ్గి, గొంతు సవరించుకుని, మళ్ళీ అందుకున్నాడు.

"విన్నావా," అంది ఎరుందీనా,
"లేని దారిన వచ్చి దగ్గిపోతున్నాడు."

నాది రిపేరు పని. చిలోయె దీవిలో
వాన లేని రోజు చూసి బయల్దేరదామంటే ఏ ఇంటికీ చేరలేం.
తడిసిన బూట్లు గుమ్మంలో విప్పి
ఉన్ని వాసనేసే గదిలో పొయ్యి పక్కన కూర్చున్నాను.
నీళ్ళలో గుంజల మీద నిలబెట్టిన ఇల్లు;
పోటు వచ్చినప్పుడు కాళ్ళ కింద సముద్రం గొణుగుతుంది.

తెర మూలన ఒక తపాలా బిళ్ళ అంటించి ఉంది.
"అబద్ధాన్ని రోజూ చూడలేక," అంది.
గోటితో గీకాను. కింద పసుపు ముక్కోణం,
కడుపులో ఆశ్చర్యార్థకం,
తప్పు చేసీ కన్నార్పని పిల్లాడిలా.

తెలిసిన మంత్రాలన్నీ వేశాను.
రౌటర్ ప్లగ్గు పీకి ముప్పై లెక్కపెట్టాను,
ఆమె కూడా నాతో పైకే లెక్కపెట్టింది,
పందొమ్మిది తర్వాత ఇరవై ఒకటి.
కేబుల్ మార్చాను, డ్రైవర్ మార్చాను,
నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మని చెప్పి మళ్ళీ గుర్తుచేశాను.
లేదు, అంది. లేదంటే లేదు.
ఈలోగా అంకుద్ నుంచి ఎవరో
మూడు జతల ఉన్ని మేజోళ్ళకి ఆర్డరు పెట్టారు.

అసలు సంగతి, ఈ యంత్రం లోకాన్నేం చూడదు.
ఎక్కడో దూరాన ఒకే ఒక్క గుమ్మం ముందు నిలబడి
"ఉన్నారా?" అని పిలుస్తుంది.
రెండు మాటల జవాబు వస్తే లోకం ఉన్నట్టు.
రాకపోతే, ఊరు ఊరంతా ఖాళీ అయిందని
దండోరా వేసేస్తుంది.

మరి ఆ ఒక్క గుమ్మం ఎందుకు పలకదు?
చీకటి పడేదాకా తవ్వాను. రౌటర్ కడుపులో దొరికింది
పొడవాటి నిషేధాల పట్టీ, నాలుగు వేల పేర్లు:
ప్రకటనల వాళ్ళు, పొంచి చూసేవాళ్ళు, లెక్క రాసుకునేవాళ్ళు.

"నిబాల్దో చేసి ఉంటాడు. పై గదిలో అద్దెకుండేవాడు.
ఒక్కణ్ణీ నమ్మేవాడు కాదు.
అద్దె మాత్రం ఒకటో తారీఖునే."

నిబాల్దో వెళ్ళిపోయి రెండేళ్ళు.
అతని అనుమానం ఇంకా గోడకి వేలాడుతూ
పచ్చ దీపం వెలిగించుకుని కాపలా కాస్తోంది.
దొంగల వరసలో ఆ అమాయకపు గుమ్మాన్నీ రాసేశాడు.
యంత్రం పిలుస్తూనే ఉంది;
పిలుపు ఇల్లు దాటడం లేదు.

రెండువేల పదకొండో పేరు. ఒక్క వరస చెరిపాను.
ముక్కోణం పోయింది.
చప్పుడు లేదు, క్షమాపణ లేదు.

సంతోషిస్తుందనుకున్నాను.
కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు ఆ మూలకే చూసింది.
"ఇన్నాళ్ళూ లేదంటే, ఉందిలే అనుకునేదాన్ని.
ఇప్పుడు ఏమీ అనకపోతే ఏమనుకోవాలి?"

నా సంచిలో దానికి సరిపడే స్క్రూడ్రైవర్ లేదు.
కూలి కింద కాస్త డబ్బు, ఊదారంగు బంగాళాదుంపలు,
ఒక జత మేజోళ్ళు ఇచ్చింది. ఎడమది కొంచెం పొడుగు.

ఆ రాత్రి గాలి లేచింది.
పాయ అవతల స్తంభం ఒరిగి లైను తెగింది.
మా ఇంట్లో ఫోన్ మీద వైఫై గీతలు
నిండుగా, నిగనిగలాడుతూ, మూడుకి మూడు.
నా గోడ దాకా దారి ఉందట.
నిజమే. ఎవరూ అడగని నిజం.

తెల్లారి పడవ రేవు దగ్గర ఎరుందీనా కనబడింది,
మేజోళ్ళ పొట్లం చంకన పెట్టుకుని.
"రాత్రి ముక్కోణం వచ్చింది," అంది,
"నిజం చెప్పింది, మొదటిసారి."
పర్సు తెరిచి చిల్లర వెతుకుతుంటే చూశాను,
అందులో ఆ తపాలా బిళ్ళ,
జిగురు ఎండి, అంచులు వంకర పోయి, భద్రంగా.