ఫుజి నదికి ఇవతల

ఓరియే గారు తలుపు తీస్తూనే అన్నారు:
"యంత్రం బాగానే ఉందండీ. నా చెవులే పాతబడ్డాయి."

అమగసాకి వదిలి నుమజుకి వచ్చి ఏడాది.
లారీలో బియ్యం డబ్బా పక్కన, దుప్పట్లు కప్పుకొని
ఫుజి నది దాటింది ఈ రికార్డ్ ప్లేయర్.
నదికి అటు కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుంది,
ఇటు యాభై.
మోటారుకి కరెంటు చెప్పిందే వేదం.

"చూడండి" అని పళ్లెం అంచు చూపించారు.
చిన్న నియాన్ దీపం కింద రెండొందల పదహారు గీతలు
నిద్రపోయిన బొంగరంలా నిలబడి ఉన్నాయి.
గీతలు నిలబడితే వేగం సరిపోయినట్టే,
యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆమె చదివారు.

రికార్డు పెట్టారు.
నూలుమిల్లు అమ్మాయిల బృందగానం,
మూడో వరసలో చెల్లెలు మిత్సుయే, పంతొమ్మిదేళ్లు.
వినిపించింది మాత్రం
తడిసిన గొంగళ్లు మోస్తున్న ఎవరో పెద్దవాళ్లు.
"అది పోయి పన్నెండేళ్లు.
రికార్డులో కూడా వయసు పెరుగుతుందేమో అనుకున్నా."

నేనేమీ అనలేదు.
లేబుల్ మీద కాగితం ముక్క అంటించి స్టాప్‌వాచ్ తీశాను.
నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఆపైన మూడోవంతు రావాలి.
ఇద్దరం పెదవులు కదుపుతూ లెక్కపెట్టాం.
ఇరవై ఎనిమిది నిండకముందే
నిమిషం నిండిపోయింది.

దీపమూ మోటారూ ఒకే తీగ పాలు తాగిన కవలలు.
ఒకటి మందగిస్తే రెండోదీ మందగించి
అంతా సరిగ్గానే ఉందని సాక్ష్యం చెబుతుంది.
దొంగసాక్ష్యం కాదు, పాపం.
దాని ఊరి లెక్క అది.

ఇత్తడి కప్పీ విప్పి
కాస్త లావుపాటిది బిగించాను. బెల్టు తుడిచాను.
నా సంచిలోని నూట ఎనభై గీతల చక్రం పెడితే
కదల్లేదు.

సూది దిగింది.
అమ్మాయిలు గొంగళ్లు దించేశారు.
మూడో వరసలో ఎవరో
తాళానికి రవ్వంత ముందే ఊపిరి తీసుకుంది.
"దానికెప్పుడూ తొందరే"
అంటూ ఓరియే గారు వంటింట్లోకి వెళ్లి
చాలాసేపు టీ పెట్టారు.

పోయేముందు చెప్పాల్సింది చెప్పాను:
అంచు మీది గీతలు ఇక నిలబడవు,
ముందుకు పరుగెడుతూనే ఉంటాయి, పరుగెడితేనే సరి.
చికాకైతే నల్లటేపు వేస్తాను.
వద్దన్నారు.

పాత కప్పీ అడిగి తీసుకుని బొత్తాల డబ్బాలో పడేశారు.
బిల్లులో రెండొందల యెన్‌లు తగ్గించమని
బేరం మొదలుపెట్టారు,
అచ్చం అమగసాకి యాసలో.