బోర్డు చదవని బస్సు

పండగా కాదు, ఆదివారమూ కాదు.
పై ఫ్లాటు హేరిమ్ తలుపు తట్టి
"బస్సు?" అంది.
నాలుగు నెలలుగా మా మధ్య ఉన్న భాష అంతే.

రెడ్‌హిల్స్‌లో ఖాళీగా కనిపించింది ఎక్కేశాం.
బోర్డు మీది అక్షరాలు
ఆమెకీ రావు, నాకూ రావు.
కండక్టరు ఎక్కడికంటే
ఇద్దరం ముందుకి చెయ్యి చూపించాం.

రోడ్డు అయిపోయిన చోట నీళ్లు.
పళవేర్కాడట.
రొయ్యలమ్మే మనిషి తలెత్తి
"ఏ వూరమ్మా మీది?" అంది.
తెలుగు!
కట్ట తెగింది నా నోటికి,
బందరు, మా వీధి, అల్లప్పచ్చడి దాకా.

వెనక్కి చూస్తే
హేరిమ్ పడవ నీడలో ఒక్కతే
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది.
నేను వూరు చేరిపోయాను,
ఆమెను దారిలో దింపేసి.

తిరుగు బస్సులో సంచీ కారుతుంటే
నా ఒళ్లో తన రుమాలు పరిచింది.
"రొయ్య" అన్నాను.
"రొయ్య" అంది.
కాసేపాగి, వేలితో చూపిస్తూ,
"సేఊ."

"సేఊ" అన్నాను.