అంచు పేలిక

పడుకునే ముందు
నా పాత నూలుచీర అంచు చించిన పేలికతో
ఓబులేసు కుడి మణికట్టుకూ నా ఎడమ మణికట్టుకూ
ముడి వేస్తాను.
మూడేళ్ళుగా ఇదే మా పడక.

లగ్గెరెలో మేడమీద ఒంటి గది, పైన రేకు.
ఫిట్సు పగలు ఎప్పుడూ రాలేదు ఆయనకు.
దొంగకి తెలిసినట్టు తెలుసు దానికి,
మూడుంబావుకి మనిషి ఎంత లోతులో ఉంటాడో.

మొదట పేలిక బిగుస్తుంది.
తర్వాత మంచం.
ఆయన్ని పక్కకి తిప్పి, దిండు లాగేసి
ఫోను వెలుగులో సెకన్లు లెక్కపెడతాను.
డెబ్బై. ఒకసారి నూట పది.
నూట పది సెకన్లలో ఎంతమంది దేవుళ్ళు పడతారో
నన్నడగండి.

పొద్దున ఆయనకి ఏమీ గుర్తుండదు.
నాలుక పక్కన గాటు తగిలితే
"రాత్రి వచ్చిందా?" అంటాడు,
ఎవరో చుట్టం తలుపు కొట్టి వెళ్ళిపోయినట్టు.

"నిద్దె హేగిదె?" అని అడిగింది డాక్టరమ్మ.
ఆయన నా వైపు చూశాడు.
తన నిద్రకి సాక్షి తను కాదు కదా.
నిద్ర చాలకపోతే వస్తుందట.
నిద్రలోనేగా వస్తున్నది, అన్నాను.
ఆమె పెన్ను ఆపి, రెండూ నిజమేనమ్మా అంది.
రాత్రి మాత్ర ఒకటిన్నర చేసింది.

మొదటి వారం కునుకు పట్టక రేకు మేకులు లెక్కపెట్టాడు.
రెండో వారం చారులో ఉప్పెక్కువైందని గాజుగ్లాసు విసిరాడు,
ఎన్నడూ విసరని మనిషి.
విసిరి, తనే ఏరాడు ముక్కలు.
ఆ తర్వాత నిద్ర వచ్చి మీద పడింది, గోనెసంచిలా.
పీణ్యలో లేత్ మీంచి తీసి ప్యాకింగులో కూర్చోబెట్టారు గదా,
అక్కడ అట్టపెట్టెల మధ్య మధ్యాహ్నమే తల వాలిపోతోందట.
"కలలు రావడం లేదే సుంకమ్మా" అన్నాడొకరోజు,
జీతంలో ఏదో కోత పడ్డట్టు.

ఇవాళ్టికి ఇరవై ఆరు రాత్రులు.
క్యాలెండరు మీద పాలలెక్క తప్ప
ఎర్రపెన్ను గీత లేదు.

అయినా మూడుంబావుకి నాకు మెలకువ.
ఆయన ఊపిరి వినపడితే, ఇంకా రాలేదేం అని.
వినపడకపోతే, ముక్కు దగ్గర వేలు పెట్టి.
మాత్ర మింగేది ఆయన.
నిద్ర పోయింది నాది.

నిన్న ముడి విప్పి చూశాను.
తేలికైన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
కాసేపు కడుపు మీద, కాసేపు గోడకి ఆనించి.
ఎప్పుడో పరుపు కదిలింది.
గుండె ఆగింది నాకు.
అది కాదు.
నిద్రలోనే చెయ్యి చాపి తడుముతున్నాడు,
పేలిక కోసం.

మళ్ళీ కట్టాను.
ఈసారి ఒక్క ముడే, వదులుగా,
ఎవరు లాగినా ఊడొచ్చేది.